క్రిస్మస్ గిఫ్టులు: చివర్లు ఉబ్బకుండా, టేప్ కనబడకుండా ఇంట్లోనే ప్యాక్ చేయడం

మీరు రాసింది చదివాను. పదకొండు గిఫ్టులు, నాలుగు రోల్స్ పేపర్, రెండు సాయంత్రాల టైమ్. ఎంత జాగ్రత్తగా చుట్టినా పెట్టె రెండు చివర్లూ ఉబ్బిపోతున్నాయి, పైన టేప్ ముక్కలు మెరుస్తూ కనిపిస్తున్నాయి, ఒక్కోసారి సగం చుట్టాక పేపర్ చాలడం లేదు. షాపులో చేసినట్టు ఇంట్లో ఎందుకు రావడం లేదని అడిగారు. నేను ఒక గిఫ్ట్ షాపులో ప్యాకింగ్ టేబుల్ దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాను. డిసెంబర్‌లో రోజుకి అరవై, డెబ్బై పెట్టెలు చుట్టిన రోజులున్నాయి. మీరు చెప్పిన లక్షణాలన్నీ చూస్తే నాకు అర్థమైంది ఒక్కటే. మీ చేతుల్లో లోపమేమీ లేదు. మీరు కొలవకుండా కత్తిరిస్తున్నారు, అందువల్ల ఎక్కువసార్లు పేపర్ ఎక్కువైపోతోంది.

పేపర్ చాలడం లేదని మీరంటుంటే ఎక్కువైందంటానేంటి అనుకోకండి. రెండూ ఒకే తప్పు నుంచి వస్తాయి. కంటి అంచనాతో కత్తిరించేటప్పుడు భయంతో ఒక వైపు బారెడు వదులుతాం, ఇంకో వైపు చూసుకోం. వదిలేసిన ఆ అదనపు పేపరే చివర్లలో మడతల కింద ఇరుక్కుని ఉబ్బుతుంది. దాన్ని అణచడానికి టేప్ మీద టేప్ వేస్తాం. కాబట్టి ముందు కొలత చూద్దాం. అది కుదిరితే మిగతా సగం పని అయిపోయినట్టే.

ఒక పెట్టె తీసుకుందాం. పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 20, ఎత్తు 8. పేపర్ దీని నడుము చుట్టూ తిరగాలి. అంటే 20, 8, 20, 8 కలిపితే 56. దానికి 3 కలపండి, 59 అవుతుంది. ఆ మూడులో రెండు ఒక అంచు మీద ఇంకోటి ఎక్కడానికి, ఒకటి అంచు లోపలికి మడవడానికి. ఇక పొడవు వైపు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పెట్టె చివర బయటికి మిగిలే పేపర్ పెట్టె ఎత్తులో ముప్పావు వంతు ఉంటే చాలు. ఎత్తు 8 కాబట్టి ఒక్కో చివర 6. అంటే 30కి 6, 6 కలిపి 42. మీకు కావాల్సిన ముక్క 59 పొడవు, 42 వెడల్పు.

ఎత్తు కంటే ఎక్కువ వదిలితే ఏమవుతుందో ఒకసారి చేతికి తెలిసేలా చూడండి. పై మడత కిందికి దించినప్పుడు అది పెట్టె కింది అంచు దాటి వేలాడుతుంది. దాన్ని మళ్లీ లోపలికి తోసి, దాని మీద కింది మడత వేస్తారు. అప్పుడు ఆ చోట నాలుగైదు పొరలు పడతాయి. మీరు చెప్తున్న ఉబ్బు అదే. అలాగని మరీ సగానికి తగ్గించకండి, రెండు మడతలూ మధ్యలో కలవక లోపలి అట్ట కనిపిస్తుంది. ముప్పావు అన్నది నేను వందల పెట్టెల మీద చూసుకున్న లెక్క.

కొలిచే టేపు, స్కేలు దగ్గర లేకపోయినా ఫర్వాలేదు. పెట్టెని పేపర్ మీద పెట్టి నాలుగు వైపులూ దొర్లించండి, ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టి రెండు వేళ్ల మందం కలపండి. చివర్ల కోసం పేపర్‌ని పెట్టె పక్క గోడకి ఆనించి పైకి లేపి చూడండి. ముప్పావు దాకా వస్తే సరిపోయినట్టు, పైఅంచు దాటితే ముప్పావు దగ్గరికి కత్తిరించేయండి. పాడైపోతుందేమో అనిపిస్తుంది కానీ ధైర్యంగా కత్తిరించండి.

కత్తిరించడంలో ఒక చిన్న విషయం. కత్తెరని కచ్ కచ్ మని మూస్తూ తెరుస్తూ పోతే అంచు రంపంలా వస్తుంది. పేపర్‌ని గట్టిగా పరిచి, కత్తెరని సగం తెరిచి, మూయకుండా ముందుకి నెట్టుకుంటూ పోండి. కత్తెర పదునుగా ఉంటే జర్రున జారిపోతుంది. ఆ పని చేయకపోతే కత్తెర మార్చండి, మీ తప్పు కాదు. కూరగాయల ప్యాకెట్లు కోసే వంటింటి కత్తెర ఈ పనికి పనికిరాదు. పేపర్ కోసం ఒకటి విడిగా ఉంచుకోండి.

ఇప్పుడు చుట్టడం. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే షాపు ప్యాకింగ్‌కీ ఇంటి ప్యాకింగ్‌కీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

పెట్టె ముఖం కిందికి ఉండేలా పేపర్ మీద బోర్లా పెట్టండి. అతుకు వెనక వైపు పడాలి కదా. మామూలుగా అందరూ అతుకుని వీపు మధ్యలో వేస్తారు. నేను అంచు మీదికి తెస్తాను. ఎలాగంటే, మీకు అవతల ఉన్న పేపర్ అంచుని ఎత్తి వీపు మొత్తం కప్పేయండి. అది మీ వైపున్న అంచు దాటి పక్క గోడ మీదికి ఒక రెండు సెంటీమీటర్లు దిగాలి. అక్కడ చిన్న టేప్ ముక్కతో పట్టించండి. ఇది లోపలికి వెళ్లిపోతుంది, కనబడదు. ఇప్పుడు మీ వైపు పేపర్ అంచుని ఒక సెంటీమీటర్ లోపలికి మడిచి గోరుతో గీత పడేలా నొక్కండి. ఆ మడత లోపలి వైపు పొడవునా డబుల్ సైడ్ టేప్ వేయండి. పేపర్‌ని బిగువుగా లాగి, మడిచిన అంచు సరిగ్గా పెట్టె అంచు దగ్గర ఆగేలా అంటించండి. అతుకు పెట్టె అంచుతో కలిసిపోతుంది. తిప్పి చూసినా ఎక్కడ అతికారో వెతుక్కోవాలి.

డబుల్ సైడ్ టేప్ గురించి ఇంకొక్క మాట. మీరు ఒక్క వస్తువు కొత్తగా కొనాలనుకుంటే అదే కొనండి. ఖరీదైన పేపర్ కంటే అది ఎక్కువ తేడా చూపిస్తుంది. అది దొరక్కపోతే మెరవని రకం టేప్ తీసుకోండి. అంటించాక పేపర్‌లో కలిసిపోయే ఆ రకం టేప్ 1961లో వచ్చింది, స్కాచ్ మ్యాజిక్ టేప్ పేరుతో. మామూలు సెల్లోటేప్ వెలుగులో తళతళలాడుతుంది. మీకు ఇబ్బంది పెడుతున్నది అదే.

ఇక చివర్లు. పెట్టె చివర మీ వైపు తిప్పుకోండి. ఎడమ, కుడి పక్కలున్న పేపర్‌ని ముందు లోపలికి తోయండి. తోసేటప్పుడు అరచేత్తో ఒక్కసారిగా నొక్కేయకండి. చూపుడు వేలిని పెట్టె నిలువు అంచు వెంట పై నుంచి కిందికి జార్చండి, పేపర్ ఆ అంచుని అతుక్కుని వెళ్లాలి. మూల దగ్గరికి వచ్చేసరికి పైన ఒక ఏటవాలు గీత, కింద ఒక ఏటవాలు గీత వాటంతట అవే ఏర్పడతాయి. ఆ గీతల్ని గోరుతో గట్టిగా నొక్కండి. ఇప్పుడు పైనొక రెక్క, కిందొక రెక్క మిగులుతాయి, రెండింటికీ పక్కలు వాలుగా ఉంటాయి. పై రెక్కని కిందికి దించి అంటించండి. కింది రెక్క అంచుని ఒక సెంటీమీటర్ లోపలికి మడిచి, డబుల్ సైడ్ టేప్ వేసి, పైకి మూసేయండి. పెట్టె బోర్లా ఉంది కాబట్టి చివరి అంచు వీపు వైపు చూస్తుంది. నిలబెట్టి ముందు నుంచి చూస్తే ఎక్కడా అంచు కనబడదు. మొదట పై రెక్క, తర్వాత కింది రెక్క, ఈ వరస తప్పకండి.

రెండో చివర మూసే ముందు పెట్టెని నిలబెట్టి ఒకసారి నేలకి కుదపండి. పెట్టె లోపల కిందికి దిగి, మిగిలిన ఖాళీ అంతా పైకి వస్తుంది. అక్కడ పేపర్ ఎక్కువ కనిపిస్తే ఇప్పుడే కత్తిరించుకోండి. అంతా అయ్యాక పెట్టె పన్నెండు అంచులనీ బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టి చివరి దాకా చిటికెతో నొక్కుకుంటూ రండి. పావు నిమిషం పని. షాపు నుంచి వచ్చిన ప్యాకెట్‌లో కనిపించే ఆ పదునైన అంచులు మెషీన్‌తో వచ్చేవి కావు, ఈ నొక్కుడుతో వచ్చేవే. మాకు నేర్పించిన పెద్దావిడ ఇది చేయకుండా ఏ పెట్టెనీ కౌంటర్ దాటనిచ్చేది కాదు.

పేపర్ చాలకపోతే వెంటనే పారేయకండి. చతురస్రంగా ఉన్న పెట్టెలకి పేపర్‌ని వజ్రం ఆకారంలో తిప్పి, దాని మధ్యలో పెట్టె పెట్టి నాలుగు మూలలూ పైకి తెచ్చి కలిపితే తక్కువ పేపర్ పడుతుంది. దీనికి లెక్క ఉంది. పెట్టె పై ముఖం మూల నుంచి మూలకి ఎంతుందో కొలవండి, దానికి ఎత్తుకి ఒకటిన్నర రెట్లు కలపండి. అంత భుజం ఉన్న చతురస్రపు పేపర్ సరిపోతుంది. 20కి 20, ఎత్తు 6 ఉన్న పెట్టె అనుకోండి. మూల నుంచి మూలకి 28 చిల్లర, దానికి 9 కలిపితే 37 పైన. 38 సెంటీమీటర్ల చతురస్రం చాలు. అదే పెట్టెని మామూలుగా చుట్టడానికి 55కి 29 ముక్క కావాలి. అన్నీ ఒక వైపే కలుస్తాయి కాబట్టి టేప్ కూడా తక్కువే పడుతుంది. పొడవుగా ఉన్న పెట్టెకి మాత్రం ఈ పద్ధతి వాడకండి, అక్కడ పేపర్ ఆదా అవ్వదు.

నడుము దగ్గర రెండు మూడు వేళ్ల ఖాళీ మిగిలిపోతే వేరే రంగు పేపర్‌తో వెడల్పైన పట్టీ చేసి పెట్టె చుట్టూ వేసేయండి. కావాలని చేసినట్టే ఉంటుంది. మూల దగ్గర చిరిగితే బయట అతికించకండి. అదే పేపర్ ముక్కని లోపల నుంచి డిజైన్ కలిసేలా అంటించండి.

పేపర్ ఎంపిక. మందాన్ని చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో చూసి చెప్తారు, దాన్నే జీఎస్ఎం అంటారు. 50కి దగ్గరలో ఉన్న పల్చటి పేపర్ మూలల దగ్గర పుటుక్కున చిరుగుతుంది, కింద పెట్టె మీద అక్షరాలు కూడా కనిపిస్తాయి. 80 ప్రాంతంలో ఉన్నది మొదలుపెట్టేవాళ్లకి హాయి. మరీ మందమైతే చివరి మడతలు వినవు. ఇప్పటికే పల్చటిది కొనేసి ఉంటే పెట్టెకి ముందు తెల్ల కాగితం ఒక పొర చుట్టి, దాని మీద ఇది చుట్టండి. డిజైన్ విషయానికొస్తే, గీతలు, గళ్లు ఉన్న పేపర్ చిన్న వంకరని కూడా పట్టిస్తుంది. చిన్న చిన్న నక్షత్రాలో, ఆకులో చల్లినట్టు ఉన్నది తీసుకోండి. మెరుపు పొడి రాలే పేపర్ నాకస్సలు నచ్చదు. టేప్ దానికి సరిగ్గా అంటదు, ఇల్లంతా పొడి, పైగా తర్వాత రీసైక్లింగ్‌కి కూడా పనికిరాదు. పేపర్‌ని గుప్పిట్లో నలిపి వదలండి. నలిగినట్టే ఉండిపోతే చాలావరకు అది కాగితమే. మళ్లీ విప్పుకుంటే అందులో ప్లాస్టిక్ పొర ఉంది.

రోల్ పేపర్ చుట్టుకుపోతూ విసిగిస్తుంటే కత్తిరించిన ముక్కని తిరగేసి, ఎదురు దిక్కులో వదులుగా ఒకసారి చుట్టి ఒక నిమిషం వదిలేయండి.

మీ లిస్టులో టెడ్డీ బేర్, ఫుట్‌బాల్, స్వెటర్ కూడా ఉన్నాయి. వీటిని నేరుగా చుట్టడానికి పోరాడకండి. స్వెటర్‌ని ఒక అట్ట మీద మడిచి పెట్టినా, పాత షర్టు డబ్బాలో పెట్టినా ఐదు నిమిషాల పని. బంతిని దానికి సరిపడే అట్టపెట్టెలో పెట్టండి, లేదంటే కాస్త గాలి తీసి చిన్న పెట్టెలో పెట్టి పక్కనే పంపు కూడా ఉంచండి. టెడ్డీకి పేపర్ సంచీ మేలు. పేపర్‌ని గొట్టంలా చుట్టి అతికించి, ఒక చివరని పెట్టె చివరలాగే మూసి, లోపల టెడ్డీని కూర్చోబెట్టి, పైన రెండుసార్లు మడిచి రిబ్బన్ కట్టేయండి. గుండ్రటి డబ్బాలో ఉన్న క్యాండిల్‌కి మాత్రం ఓపిక కావాలి. చివర మిగిలిన పేపర్‌ని ఒకేసారి మూయకుండా, కుచ్చిళ్లు పెట్టినట్టు ఒక్కో వేలి వెడల్పున మధ్యలోకి మడుచుకుంటూ రావాలి. ప్రతి మడతా ముందుదాని మీద సగం ఎక్కాలి. మధ్యలో మిగిలే గుంట మీద గుండ్రంగా కత్తిరించిన చిన్న ముక్క అంటిస్తే చక్కగా ముగుస్తుంది. అంత టైమ్ లేకపోతే రెండు చివర్లా చాక్లెట్‌లా మెలితిప్పి దారం కట్టేయండి. పిల్లలకి అదే ఎక్కువ ఇష్టం.

బట్టతో మూట కట్టడం కూడా ఉంది. జపాన్‌లో దీన్ని ఫురోషికి అంటారు. 2006లో అక్కడి పర్యావరణ మంత్రి యురికో కొయికే ప్లాస్టిక్ సంచులకి బదులు వాడమని దీన్ని గట్టిగా ప్రచారం చేశారు. వంకర టింకరగా ఉన్న వస్తువులకి ఇంతకంటే తేలికైన దారి లేదు. బట్ట మూల నుంచి మూలకి కొలత వస్తువు పొడవుకి మూడు రెట్లుండాలి. 70 సెంటీమీటర్ల చదరపు బట్టలో దాదాపు 33 సెంటీమీటర్ల వస్తువు పడుతుంది. ఎదురెదురు మూలలు రెండు వస్తువు మీదికి వేసి, మిగతా రెండూ పైన కలిపి ముడేయడమే.

రిబ్బన్. పెట్టె చుట్టూ ప్లస్ గుర్తులా రావాలంటే పొడవుకి రెండు రెట్లు, వెడల్పుకి రెండు రెట్లు, ఎత్తుకి నాలుగు రెట్లు, వీటికి బో (పైన సీతాకోకచిలుకలా కట్టే ముడి) కోసం 60 సెంటీమీటర్లు కలపండి. మన పెట్టెకి 60, 40, 32 కలిపి 132, బోతో 192. రెండు మీటర్లు తీసుకోండి. రిబ్బన్ మధ్య భాగాన్ని పెట్టె ముఖం మీద అడ్డంగా పెట్టి, రెండు కొసలూ వెనక్కి తీసుకెళ్లి అక్కడ ఒకదానికొకటి మెలివేసి దిక్కు మార్చి, పొడవు వైపు నుంచి పైకి తెచ్చి కట్టాలి. వెనక మెలి వేసేటప్పుడు రిబ్బన్ మెరిసే ముఖం బయటికే ఉందో లేదో చూసుకోండి.

బో వంకరగా నిలబడుతోందని మీరు రాయలేదు కానీ తప్పకుండా వస్తుంది, అందరికీ వస్తుంది. బో చెవులు అడ్డంగా పడుకోవాల్సింది పోయి నిలువుగా నిలబడతాయి. అది ముడిలో ఉన్న తేడా. మొదటి ముడిలో కుడి కొసని ఎడమ దాని మీదుగా వేసి ఉంటే, రెండోసారి చెవి చుట్టూ తిప్పేటప్పుడు ఎడమది కుడి దాని మీదుగా వెళ్లాలి. రెండుసార్లూ ఒకే వైపు తిప్పితే బో తిరిగిపోతుంది, వదులైపోతుంది కూడా. విప్పకుండా చూస్తే చాలు, నిలువుగా ఉందంటే రెండో తిప్పుడుని ఎదురు దిక్కులో వేయండి. బూట్ల లేసులకి కూడా ఇదే సూత్రం. కొసల్ని ఏటవాలుగా కత్తిరించండి, దారం పోగులు ఊడకుండా ఉంటాయి. సన్నటి ప్లాస్టిక్ రిబ్బన్‌ని ఉంగరాలు తిప్పాలంటే కత్తెర అలుగు మీద బొటనవేలితో అదిమి నెమ్మదిగా లాగండి. గబుక్కున లాగితే ఉంగరాలు వదులుగా వస్తాయి.

టేప్ లేని కాలంలో ఎలా చేసేవారని నేనూ ఒకప్పుడు అనుకునేదాన్ని. దారం, లక్క ముద్ర, అంతే. ఇప్పుడు మనం వాడే రంగుల గిఫ్ట్ పేపర్ కూడా అనుకోకుండా వచ్చిందే. 1917 క్రిస్మస్ సీజన్‌లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో హాల్ సోదరుల షాపులో టిష్యూ పేపర్ అయిపోతే, ఉత్తరాల కవర్ల లోపలి వైపు వేసే రంగుల ఫ్రెంచి కాగితాన్ని షీటు 10 సెంట్లకి అమ్మారు. అదంతా అమ్ముడైపోయింది. ఆ షాపే తర్వాత హాల్‌మార్క్ కంపెనీ అయింది. పారదర్శకమైన టేప్‌ని 3ఎమ్ కంపెనీలో రిచర్డ్ డ్రూ 1930లో తెచ్చాడు. దానికి ముందు మనుషులు పేపర్‌ని బిగువుగా మడిచి దారంతోనే నిలబెట్టారు. మీరు ఒక పెట్టెకి బ్రౌన్ పేపర్, పురికొస తీసుకుని టేప్ లేకుండా ప్రయత్నించండి. మడతలు సరిగ్గా ఉంటేనే నిలుస్తుంది. చేతికి అంతకంటే మంచి ప్రాక్టీసు లేదు.

చుట్టే ముందు ధర స్టిక్కర్ తీసేశారో లేదో చూడండి. జిగురు అంటుకుని ఉంటే హెయిర్ డ్రయ్యర్ వేడి పది సెకన్లు తగిలించి గోరుతో లాగండి. బొమ్మకి బ్యాటరీలు కావాలంటే అవి కూడా పెట్టెలోనే పెట్టండి. పేరు చీటీ మాత్రం చుట్టిన వెంటనే అంటించండి. ఒకసారి మా టేబుల్ దగ్గర ఒకే సైజు పెట్టెలు రెండింటికి చీటీలు చివర్లో పెడదామని వదిలేశాం, అవి తారుమారయ్యాయి. ఐదేళ్ల పాప విప్పిన పెట్టెలో మగవాళ్ల స్వెటర్ ఉంది. ఆ పాప మొహం ఎలా అయిపోయిందో వాళ్ల అమ్మ వచ్చి చెప్పినప్పుడు నాకు చాలా బాధేసింది. ఆ తర్వాత పేరు రాయకుండా ఏ పెట్టెనీ పక్కన పెట్టలేదు. విమానంలో తీసుకెళ్లే గిఫ్టులుంటే అసలు చుట్టకండి, తనిఖీలో విప్పించవచ్చు. పేపర్, టేప్ బ్యాగులో పెట్టుకెళ్లి అక్కడ చుట్టుకోండి.

మీ పదకొండింటికి ఈ వరస చెప్తాను. నేల మీద కూర్చోకండి, నడుము పట్టేస్తుంది. నిలబడి చేయగలిగే ఎత్తున్న బల్ల చూసుకోండి. మొదటి సాయంత్రం అన్నీ కొలిచి, పెద్ద పెట్టెల నుంచి మొదలుపెట్టి ముక్కలన్నీ కత్తిరించేయండి. పెద్దవాటికి పోగా మిగిలిన ముక్కలు చిన్నవాటికి వస్తాయి, మీ నాలుగు రోల్స్ సరిపోవచ్చు. ఏ ముక్క ఏ గిఫ్టుదో పెన్సిల్‌తో వెనక రాసుకోండి. రెండో సాయంత్రం పుస్తకంతో మొదలుపెట్టండి. పుస్తకం గట్టిగా, చదునుగా ఉంటుంది కాబట్టి చేయి కుదురుతుంది. తర్వాత అట్టపెట్టెలు, చివర్లో క్యాండిల్, టెడ్డీ. రిబ్బన్లు మాత్రం ఇప్పుడే కట్టకండి, ఒకదాని మీద ఒకటి పెడితే బో ముడులు నలిగిపోతాయి. పండగ ముందు రోజు చెట్టు కింద పెట్టేటప్పుడు అక్కడే కూర్చుని కట్టుకోండి. మొదటి పెట్టె చివర మళ్లీ ఉబ్బితే, విప్పి ఆ బయటి పేపర్ ఎంతుందో కొలిచి నాకు రాయండి.